కిడ్నీలో రాయి: నొప్పి వచ్చిన రాత్రి ఏం చేయాలి, ఎప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి

మా ఇంట్లో రెండేళ్ల తేడాతో ఇద్దరికి కిడ్నీలో రాళ్లు వచ్చాయి. మొదట నాకు. అర్ధరాత్రి రెండింటప్పుడు ఎడమ డొక్కలో మొదలైన నొప్పి పావుగంటలో గజ్జలోకి దిగింది. కూర్చోలేను, పడుకోలేను. గోడ పట్టుకుని అటూ ఇటూ తిరిగాను, రెండుసార్లు వాంతి చేసుకున్నాను. ఇక బతకననే అనుకున్నాను. స్కానింగ్‌లో తేలింది 4 మిల్లీమీటర్ల రాయి. పదకొండో రోజున దానంతటదే మూత్రంలో పడిపోయింది.

తర్వాత అమ్మకు. ఆమెకు షుగర్ ఉంది. నడుం పక్కన కాస్త సలుపుగా ఉందని, చలిజ్వరం వచ్చిందని రెండు రోజులు పారాసిటమాల్ వేసుకుని దుప్పటి కప్పుకుని పడుకుంది. మేమూ వైరల్ జ్వరమే అనుకున్నాం. మూడో రోజు మాట తడబడుతుంటే భయపడి ఆసుపత్రికి తీసుకెళ్లాం. మూత్రనాళంలో రాయి అడ్డుపడి, దాని వెనక నిలిచిపోయిన మూత్రంలో చీము పట్టిందన్నారు. ఆ రాత్రే లోపల గొట్టం వేసి మూత్రానికి దారి చేశారు. ఇంకొక్క రోజు ఆగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ప్రాణం తీసేస్తుందనుకున్న నొప్పి నన్నేమీ చేయలేదు. పెద్దగా నొప్పే లేని అమ్మకు ప్రాణం మీదికి వచ్చింది. నేను డాక్టర్ని కాదు. కానీ ఆ తర్వాత డాక్టర్లను అడిగి, చదివి, తెలుసుకున్న దానిలో మీకు ముందుగా చెప్పాల్సింది ఇదే: నొప్పి ఎంత ఉందన్నదాన్ని బట్టి ప్రమాదాన్ని కొలవకండి. కొలవాల్సినవి వేరే ఉన్నాయి.

మొట్టమొదట ఇవి చూడండి

నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషి ఎదురుగా ఉంటే ఏం చేయాలో తోచదు. అయినా ఒక్క నిమిషం ఆగి ఈ కింది వాటిలో ఏదైనా ఉందేమో చూడండి. ఒక్కటి ఉన్నా సరే, తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి, బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.

- జ్వరం 100.4 డిగ్రీలు దాటింది, లేదా చలితో వణికిపోతున్నారు. థర్మామీటర్ లేకపోతే వెతుక్కోవద్దు, వణుకు ఒక్కటి చాలు.
- నీళ్లు తాగుతున్నా గంటల తరబడి మూత్రం రావడం లేదు, లేదా చుక్కలు చుక్కలుగా మాత్రమే వస్తోంది.
- ఉన్నది ఒకటే కిడ్నీ, లేదా కిడ్నీ మార్పిడి జరిగింది, లేదా ముందునుంచే కిడ్నీ జబ్బు ఉంది.
- గర్భిణి.
- వాంతులు ఆగడం లేదు, గుక్కెడు నీళ్లు కూడా కడుపులో నిలవడం లేదు.
- డాక్టర్ రాసిన నొప్పి మాత్ర వేసుకుని గంట దాటినా నొప్పి లొంగలేదు.
- రెండు పక్కలా ఒకేసారి నొప్పి వచ్చింది.
- మగతగా ఉన్నారు, మాట తడబడుతోంది, గుండె దడదడలాడుతోంది, కళ్లు తిరిగి పడిపోయారు.

షుగర్ ఉన్నవాళ్లు, పెద్ద వయసువాళ్లు, పిల్లల విషయంలో ఈ జాబితాలో ఏదీ లేకపోయినా అదే రోజు డాక్టర్‌కి చూపించండి. అమ్మకు జరిగినట్టే, షుగర్ ఉన్నవాళ్లలో, పెద్దవాళ్లలో నొప్పి ఒక్కోసారి మందకొడిగా ఉండి లోపల ఇన్ఫెక్షన్ ముదిరిపోతుంది.

జ్వరం గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే మోసపోయేది అక్కడే. రాయి వల్ల మామూలుగా జ్వరం రాదు. వచ్చిందంటే అడ్డుపడిన రాయి వెనక నిలిచిన మూత్రంలో సూక్ష్మజీవులు పెరుగుతున్నట్టు అనుమానించాలి. అక్కడినుంచి అవి రక్తంలో కలిస్తే గంటల్లో బీపీ పడిపోవచ్చు. ఇలాంటప్పుడు యాంటీబయాటిక్ ఒక్కటే సరిపోదు. మూసుకుపోయిన కాలవలో మురుగు అలాగే ఉంటే పైన ఎంత మందు చల్లినా ఏం లాభం? ముందు దారి తెరవాలి. మూత్రనాళంలోకి డీజే స్టెంట్ అనే సన్నటి గొట్టం వేస్తారు, లేదా నడుం పక్కనుంచి నేరుగా కిడ్నీలోకి చిన్న గొట్టం పెట్టి మూత్రం బయటికి తీస్తారు. రాయిని తీయడం తర్వాతి పని, ఇన్ఫెక్షన్ తగ్గాక చేస్తారు. అందుకే జ్వరం ఉన్నప్పుడు ఊళ్లో ఇంజెక్షన్ వేయించుకుని ఇంటికి రావడం చాలా ప్రమాదం. రాత్రిపూట కూడా స్కానింగ్ ఉండే, యూరాలజిస్ట్, అంటే కిడ్నీ, మూత్రనాళాల ఆపరేషన్లు చేసే డాక్టర్, అందుబాటులో ఉండే చోటికే వెళ్లండి. బయల్దేరే ముందు ఫోన్ చేసి ఈ రెండూ ఉన్నాయా అని అడగండి. హైదరాబాద్ నిమ్స్, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్, తిరుపతి స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రుల్లో యూరాలజీ విభాగాలు ఉన్నాయి.

ఇది రాయి నొప్పేనా?

నడుం నొప్పి వచ్చిన ప్రతివారికీ కిడ్నీ అనుమానమే. నిజానికి చాలా నడుం నొప్పులు కండరాలవి, వెన్నుపూసవి. తేడా తెలుసుకోవడానికి ఒక సులువు ఉంది. వంగితేనో, బరువు ఎత్తితేనో ఎక్కువై, ఒక పక్కకు తిరిగి పడుకుంటే తగ్గే నొప్పి ఎక్కువగా కండరాలది. రాయి నొప్పికి ఏ భంగిమలోనూ ఉపశమనం ఉండదు. మనిషి ఒకచోట నిలవలేడు. పక్కటెముకల కింద వీపు వైపు మొదలై, డొక్క మీదుగా పొత్తికడుపులోకి, గజ్జలోకి దిగుతుంది. మగవాళ్లకు వృషణాల దాకా లాగుతుంది. అలలు అలలుగా వస్తుంది: ఇరవై నిమిషాలో గంటో చంపి, కాస్త సద్దుమణిగి, మళ్లీ లేస్తుంది. వికారం, వాంతులు, చెమటలు ఉంటాయి. మూత్రం గులాబీ రంగులోనో, టీ డికాక్షన్ రంగులోనో రావచ్చు.

ఎందుకింత నొప్పి? కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే నాళం దాదాపు 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది, లోపలి దారి మాత్రం 3, 4 మిల్లీమీటర్లే. అందులో మూడు ఇరుకు చోట్లు ఉన్నాయి: కిడ్నీ నుంచి నాళం మొదలయ్యే చోట, తుంటి దగ్గర పెద్ద రక్తనాళాలను దాటే చోట, మూత్రాశయంలోకి దిగే చోట. అన్నిటికంటే ఇరుకు చివరిదే. రాయి ఎక్కడ ఇరుక్కుంటే దాని వెనక మూత్రం నిండి, కిడ్నీ ఉబ్బి, పైపొర సాగుతుంది. ఆ సాగడమే నొప్పి. కిడ్నీలోనే కదలకుండా కూర్చున్న రాయి చాలాసార్లు ఏ నొప్పీ పెట్టదు. వేరే ఏదో కారణానికి స్కాన్ తీయిస్తే 3 మిల్లీమీటర్ల రాయి కనిపించిందని హడలిపోయేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. దానికి ఆపరేషన్ అక్కర్లేదు. నీళ్లు బాగా తాగుతూ, డాక్టర్ చెప్పిన గడువులో మళ్లీ స్కాన్ చేయించుకుంటే సరిపోతుంది.

రాయి చివరి ఇరుకు దగ్గరికి వచ్చేసరికి లక్షణాలు మారతాయి. ఊరికే మూత్రం వస్తున్నట్టు ఉంటుంది, వెళ్తే కొంచెమే వస్తుంది, మంట. దీన్ని యూరిన్ ఇన్ఫెక్షన్ అనుకుని మందులు వాడేవాళ్లు చాలామంది. నిజంగా ఇన్ఫెక్షన్ ఉందో లేదో పరీక్షలోనే తేలుతుంది.

రాయిలాగే కనిపించే వేరే జబ్బులు కొన్ని ఉన్నాయి. అరవై దాటినవాళ్లకు, ముఖ్యంగా బీపీ ఉండి, పొగతాగే అలవాటున్నవాళ్లకు జీవితంలో మొదటిసారి ఇలాంటి నొప్పి వస్తే అది పొట్టలోని పెద్ద రక్తనాళం ఉబ్బి చిట్లడం కావచ్చు. కుడివైపు కింద నొప్పి ఉండి కదిలితే ఎక్కువవుతుంటే అపెండిక్స్ కావచ్చు. నెలసరి తప్పిన ఆడవాళ్లకు గర్భం ట్యూబులో నిలిచి ఉండొచ్చు. కుర్రాళ్లకు ఒక వృషణం హఠాత్తుగా నొప్పెట్టి వాస్తే అది మెలిపడి ఉండొచ్చు. దాన్ని ఆరు గంటల లోపే సరిచేయాలి, సిగ్గుపడి దాచుకుంటే వృషణాన్నే పోగొట్టుకోవాల్సి వస్తుంది. ఈ నాలుగూ రాయికంటే తొందర చేయాల్సినవి. అందుకే ఇలాంటి నొప్పి మొదటిసారి వచ్చినవాళ్లు ఇంట్లో ఉండి చూసుకోవద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఇంట్లో నొప్పిని తట్టుకోవడం

ఇక్కడ చెప్పేది ఇదివరకే రాయి అని తేలి, పైన చెప్పిన ప్రమాద గుర్తులేవీ లేనివాళ్లకు.

డాక్టర్ ముందే రాసిచ్చిన నొప్పి మాత్ర ఉంటే నొప్పి ముదిరేదాకా ఆగకుండా మొదలవగానే వేసుకోండి. రాయి నొప్పికి డైక్లోఫెనాక్ లాంటి మందులు బాగా పనిచేస్తాయి, ఎందుకంటే అవి నాళం వాపునూ, కిడ్నీ లోపలి ఒత్తిడినీ తగ్గిస్తాయి. కానీ ఇవే మందులు కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకు, కడుపులో పుండు ఉన్నవాళ్లకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు, గర్భిణులకు హాని చేస్తాయి. క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) ఎంత ఉందో తెలియకుండా మందుల షాపులో అడిగి రోజుల తరబడి మింగవద్దు. శ్రీకాకుళం ఉద్దానంలాగా కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతాలవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఇలాంటివాళ్లు డాక్టర్‌ని అడిగి పారాసిటమాల్ వాడొచ్చు. పెద్దవాళ్లకు 650 మిల్లీగ్రాముల మాత్ర ఆరు గంటలకు ఒకటి, రోజుకు నాలుగుకు మించకుండా. లివర్ జబ్బు ఉంటే అదీ అడిగాకే. రెండు రకాల నొప్పి మందులు కలిపి వేసుకోవద్దు. రంగు రంగుల మాత్రలు పొట్లం కట్టి ఇస్తే పేర్లు చెప్పమని అడగండి, ఒకే మందు రెండు పేర్లతో అందులో ఉండవచ్చు.

వేడినీళ్ల బ్యాగు డొక్క మీద, నడుం పక్కన పెట్టండి. గోరువెచ్చని నీళ్లతో స్నానం కూడా హాయినిస్తుంది. నాకు ఆ రాత్రి మాత్ర పనిచేసేదాకా ప్రాణం నిలబెట్టింది వేడి బ్యాగే. షుగర్ ఉండి స్పర్శ తగ్గినవాళ్లకు పెట్టేటప్పుడు మాత్రం గుడ్డ చుట్టి, చర్మం కాలకుండా చూడండి.

ఇక నీళ్లు. నొప్పి వచ్చిందనగానే ఇంట్లోవాళ్లు చెంబులకొద్దీ తాగిస్తారు, రాయి కొట్టుకుపోతుందని. నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు అలా తాగితే రాయి తొందరగా పోదు, వాంతులు ఎక్కువవుతాయి, ఉబ్బిన కిడ్నీ ఇంకా ఉబ్బి నొప్పి పెరుగుతుంది. దాహానికి సరిపడా కొంచెం కొంచెంగా తాగించండి. నొప్పి సద్దుమణిగాక మామూలుగా తాగొచ్చు. కొందరు బీరు తాగమంటారు. దాంతో కాసేపు మూత్రం ఎక్కువొస్తుంది, ఆ తర్వాత ఒంట్లో నీరు తగ్గిపోతుంది, యూరిక్ యాసిడ్ పెరుగుతుంది. వద్దు.

ఆసుపత్రిలో ఏం అడగాలి

సాధారణంగా చేసేవి మూత్ర పరీక్ష, రక్తంలో క్రియాటినిన్, స్కానింగ్. అల్ట్రాసౌండ్‌లో కిడ్నీలోని రాయి, కిడ్నీ వాపు బాగా కనిపిస్తాయి, నాళం మధ్యలో ఇరుక్కున్న రాయి మాత్రం చాలాసార్లు కనిపించదు. అప్పుడు సీటీ కేయూబీ, అంటే కిడ్నీలు, నాళాలు, మూత్రాశయం చూపే సీటీ స్కాన్ తీస్తారు. అందులో దాదాపు అన్ని రాళ్లూ కనిపిస్తాయి, సూది మందు కూడా అక్కర్లేదు. గర్భిణులకు సీటీ బదులు ముందు అల్ట్రాసౌండ్ చేస్తారు.

రిపోర్టు చేతికొచ్చాక నాలుగు విషయాలు అడిగి, వాళ్ల ముందే కాగితం మీద రాసుకోండి. రాయి సైజు ఎంత? ఎక్కడ ఉంది? కిడ్నీకి వాపు ఉందా, ఉంటే ఎంత? ఇన్ఫెక్షన్ ఉందా? రేపు ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లినా, ఫోన్‌లో ఎవరినైనా అడిగినా ఈ నాలుగే కావాలి.

సైజును బట్టి ఏమవుతుందో స్థూలంగా చెప్పొచ్చు. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతటవే పోతాయి. 5 నుంచి 10 మధ్యవి దాదాపు సగం పోతాయి, సగం ఇరుక్కుంటాయి. 10 దాటితే దానంతటది పోవడం అరుదు. నాళం పైభాగంలో ఉన్నదానికంటే కింది భాగంలోకి వచ్చిన రాయికి బయటపడే అవకాశం ఎక్కువ. కింది భాగంలో 5 మిల్లీమీటర్లు దాటిన రాయి ఉంటే టామ్సులోసిన్ మాత్ర రాస్తారు, అది నాళాన్ని సడలిస్తుంది. రాత్రి పడుకునే ముందు వేసుకోండి, పొద్దున మంచం మీంచి ఒక్కసారిగా లేవకండి, బీపీ పడి తల తిరుగుతుంది. కంటిశుక్లం ఆపరేషన్ చేయించుకోబోతుంటే ఈ మాత్ర వాడినట్టు కంటి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

రాయి పడిపోయేదాకా

ఇది ఎదురుచూసే కాలం. మోసపోయే రెండో చోటు కూడా ఇదే.

ఇంజెక్షన్‌తో నొప్పి పోతుంది. రెండు రోజులు, వారం, పదిరోజులు ఏమీ ఉండదు. రాయి పోయిందనుకుని మర్చిపోతాం. కానీ నొప్పి ఆగిందంటే రాయి పోయిందని అర్థం కాదు. అడ్డు అలాగే ఉన్నా కొన్నాళ్లకు కిడ్నీ ఆ ఒత్తిడికి అలవాటు పడి నొప్పి చెప్పడం మానేస్తుంది. లోపల మాత్రం మెల్లగా దెబ్బతింటూనే ఉంటుంది. నెలల తర్వాత స్కాన్ తీస్తే ఆ కిడ్నీ పనిచేయడం మానేసిందని తెలిసేవాళ్లు ఉన్నారు. కాబట్టి రాయిని మీ కళ్లతో చూడాలి, లేదా పోయిందని స్కాన్‌లో తేలాలి. మూడో దారి లేదు.

కళ్లతో చూడాలంటే మూత్రాన్ని వడకట్టాలి. సన్నటి టీ వడకట్టే జాలి ఒకటి దీనికోసమే విడిగా పెట్టుకోండి. ప్రతిసారీ మగ్గులో పట్టి జాలిలోంచి పోయండి. ఆఫీసులో ఉంటే సీసాలో పట్టి తర్వాత వడకట్టినా సరే. ఇది ఇబ్బందిగా అనిపించే పనే, కానీ రాయి దొరికేదాకానే. రాయి దొరికితే కడిగి, ఆరబెట్టి, చిన్న డబ్బాలో పెట్టి డాక్టర్‌కి ఇవ్వండి. నాది మిరియపు గింజంత కూడా లేదు. దాన్ని ల్యాబ్‌లో పరీక్షిస్తే ఏ రకమో తెలుస్తుంది. మళ్లీ రాకుండా ఏం తినాలో, ఏ మందు వాడాలో చెప్పడానికి ఆధారం అదే. చాలామంది ఈ పరీక్ష చేయించుకోరు, డాక్టర్లు కూడా కొన్నిసార్లు చెప్పరు. మీరే అడగండి.

ఒకటి రెండు వారాలకు డాక్టర్ రమ్మన్న రోజున మళ్లీ స్కాన్‌కి వెళ్లండి. జ్వరం లేకుండా, నొప్పి అదుపులో ఉండి, క్రియాటినిన్ బాగుంటే నాలుగు నుంచి ఆరు వారాల దాకా ఆగవచ్చు. అంతకు మించి ఆగడం మంచిది కాదు.

కొండపిండి ఆకు సంగతి అడక్కుండా ఎవరూ ఉండరు. పేరులోనే కొండను పిండిచేసేదని ఉంది కదా. మా అమ్మమ్మ దాన్ని పెసరపప్పుతో కూర చేసేది, రుచిగానే ఉండేది. ఆకుకూరగా తింటే తప్పేమీ లేదు. ఉలవచారు, అరటి దవ్వ కూడా అంతే, భోజనంలో భాగంగా తినండి. కానీ అడ్డుపడిన రాయికి వీటినే మందుగా నమ్ముకుని స్కాన్ మానేయవద్దు. కాల్షియం రాళ్లను ఒంట్లో కరిగించే మందు అల్లోపతిలోనూ లేదు. మాత్రలతో కరిగేవి యూరిక్ యాసిడ్ రాళ్లు. డాక్టర్ పొటాషియం సిట్రేట్ లాంటి మందుతో మూత్రంలో ఆమ్లం తగ్గిస్తే అవి నెలల్లో కరుగుతాయి. ఎవరైనా ఏ రాయినైనా కరిగిస్తామని పసరు, పొడి ఇస్తే, అందులో ఏముందో తెలియనిది కిడ్నీలోకి పంపవద్దని బతిమాలి చెబుతున్నాను.

రాయి తీయాల్సి వస్తే

భయపడకండి. పొట్ట కోసి రాయి తీయడం ఇప్పుడు అరుదు. బయటినుంచి తరంగాలతో రాయిని పగలగొట్టే పద్ధతిని మనుషుల మీద మొదటిసారి 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో వాడారు. మూత్రద్వారంలోంచి సన్నటి పరికరం పంపి లేజర్‌తో రాయిని పొడి చేయడం నాళంలోని రాళ్లకు, కిడ్నీలోని చిన్నరాళ్లకు చేస్తారు. 2 సెంటీమీటర్లు దాటిన పెద్ద రాళ్లకు వీపు వైపు చిన్న రంధ్రం చేసి తీస్తారు, దాన్ని పీసీఎన్ఎల్ అంటారు. మీ రాయికి ఏది సరిపోతుందో, ఇంకో దారి ఉందో లేదో డాక్టర్‌ని అడగండి. రాష్ట్ర ఆరోగ్య పథకం కార్డు ఉంటే, తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ, ఆసుపత్రిలోని ఆ కౌంటర్ దగ్గర మీ చికిత్స అందులో వస్తుందో లేదో డబ్బు కట్టకముందే కనుక్కోండి.

డీజే స్టెంట్ వేస్తే అది లోపల ఉన్నన్నాళ్లూ మాటిమాటికీ మూత్రం రావడం, మూత్రం పోసేటప్పుడు డొక్కలో లాగడం, పని చేసిన రోజు మూత్రం ఎర్రగా రావడం ఉంటాయి. అది మామూలే. జ్వరం వస్తే, గడ్డలు గడ్డలుగా రక్తం వస్తే మాత్రం వెళ్లాలి. అన్నిటికంటే ముఖ్యం, స్టెంట్ తీసే తేదీ. గోడ మీది క్యాలెండర్‌లో రాయండి, ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టండి. మర్చిపోయిన స్టెంట్ చుట్టూ మళ్లీ రాయి కట్టి, దాన్ని తీయడమే పెద్ద ఆపరేషన్ అవుతుంది. వేసినప్పుడే తేదీ రాసిమ్మని అడగండి. మూడు నెలలు దాటనివ్వద్దు.

మళ్లీ రాకుండా

ఒకసారి వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి పదేళ్లలో మళ్లీ వస్తుంది. ఆ సగంలో మీరు పడకుండా ఉండటానికి చేయగలిగింది చాలా ఉంది, అందులో మొదటిది నీళ్లే.

ఎన్ని లీటర్లు తాగారన్నది కాదు, ఎంత మూత్రం వచ్చిందన్నది లెక్క. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం రావాలి. నీడపట్టున ఉండేవాళ్లకు మూడు లీటర్ల నీళ్లు సరిపోవచ్చు. రోహిణి కార్తె ఎండలో పొలం పనికి, మేస్త్రీ పనికి వెళ్లేవాళ్లకు, గల్ఫ్‌లో బయట పనిచేసే మనవాళ్లకు చెమటలోనే అంత పోతుంది, ఇంకా చాలా తాగాలి. ఒక సెలవురోజు కొలత సీసా పెట్టుకుని పొద్దుటి నుంచి మర్నాడు పొద్దుటి దాకా వచ్చిన మూత్రం కొలిచి చూడండి. నేను కొలిస్తే లీటరుకు కాస్త ఎక్కువ వచ్చింది. రోజూ బాగానే తాగుతున్నానని అనుకునేదాన్ని. ఆ తర్వాత రంగు చూస్తే చాలు: లేత పసుపుగా ఉంటే సరిపోయినట్టు, ముదురుగా ఉంటే చాలనట్టు. పడుకునే ముందు ఒక గ్లాసు, రాత్రి మూత్రానికి లేస్తే ఇంకో అరగ్లాసు తాగండి, రాళ్లు కట్టడానికి అనువైన చిక్కటి మూత్రం రాత్రే తయారవుతుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా నీళ్లు పెంచవద్దు.

ఆడవాళ్లకు ఒక మాట. పనిచేసే చోట టాయ్‌లెట్ లేదని, ఉన్నా బాగోదని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లు ముట్టనివాళ్లు మనలో ఎంతమందో. బడిపిల్లలదీ అదే పరిస్థితి. ఇది మీ తప్పు కాదు, ఆ వసతి కల్పించాల్సినవాళ్ల తప్పు. అడగాల్సిన చోట నలుగురూ కలిసి అడగండి. అప్పటిదాకా పనికి వెళ్లే ముందూ, తిరిగి రాగానే అయినా ఆ లోటు భర్తీ చేసుకోండి.

రెండోది ఉప్పు. ఇది ఎవరూ చెప్పరు. ఉప్పు ఎక్కువ తింటే మూత్రంలోకి కాల్షియం ఎక్కువ పోతుంది, అదే రాయి అవుతుంది. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు, వడియాలు, చల్ల మిరపకాయలు, మజ్జిగలో ఉప్పు, ఇవన్నీ ఒకే భోజనంలో ఉండే మనకు అది ఎంత దూరమో చెప్పనక్కర్లేదు. ఆవకాయ మానేయమని నేను అనలేను. ముద్దకు ముద్దకూ కాకుండా ఒక్క ముద్దకు కలుపుకోండి, ఆ పూట అప్పడం వదిలేయండి.

మూడోది, పాలు పెరుగు మానకండి. కాల్షియం రాయి కదా అని పాలు మానేయడం పెద్ద పొరపాటు. ఎక్కువమందికి వచ్చేది కాల్షియం, ఆక్సలేట్ (కొన్ని ఆకుకూరల్లాంటి తిండిలో ఉండే పదార్థం) కలిసి కట్టే కాల్షియం ఆక్సలేట్ రాయి. తిండిలోని కాల్షియం పేగుల్లోనే ఆక్సలేట్‌ను పట్టుకుని విరేచనంలో పంపేస్తుంది. పాలు మానేస్తే ఆ ఆక్సలేట్ నేరుగా మూత్రంలోకి వెళ్తుంది. పాలకూర పప్పు తిన్న పూట పెరుగన్నం తినండి, అదే సరైన జోడీ. డాక్టర్ కాల్షియం మాత్రలు రాస్తే ఖాళీ కడుపున కాకుండా భోజనంతో వేసుకోవచ్చా అని అడగండి.

ఆకుకూరల్లో పాలకూర, తోటకూర, బచ్చలికూరల్లో ఆక్సలేట్ ఎక్కువ. పూర్తిగా మానక్కర్లేదు, రోజూ తినకండి. ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే కొంత పోతుంది. బాదం, జీడిపప్పు గుప్పెళ్లకొద్దీ వద్దు. టమాటా గింజల వల్ల రాళ్లు వస్తాయన్న మాటలో నిజం లేదు. టమాటాలో ఆక్సలేట్ తక్కువే, గింజ కిడ్నీదాకా వెళ్లే దారీ లేదు. మాంసం రోజూ తినేవాళ్లు తగ్గించాలి, యూరిక్ యాసిడ్ ఎక్కువగా ఉన్నవాళ్లు మరీ. విటమిన్ సి మాత్రలు రోజుకు వెయ్యి మిల్లీగ్రాములు మింగడం మానేయండి, అవి ఒంట్లో ఆక్సలేట్‌గా మారతాయి.

నిమ్మకాయ మాత్రం మీ స్నేహితుడు. అందులోని సిట్రేట్ కాల్షియం గడ్డకట్టకుండా అడ్డుపడుతుంది. రోజుకు రెండు కాయల రసం నీళ్లలో పిండుకుని, ఉప్పు, చక్కెర వేయకుండా, రోజు మొత్తంలో తాగండి. నిమ్మకాయ ఊరగాయ దీని లెక్కలోకి రాదు.

రాళ్లు రెండోసారి వచ్చినా, చిన్న వయసులో వచ్చినా, ఇంట్లో ఇంకొకరికి ఉన్నా 24 గంటల మూత్ర పరీక్ష చేయించమని డాక్టర్‌ని అడగండి. కాల్షియం, యూరిక్ యాసిడ్, సిట్రేట్ ఎంత పోతున్నాయో అందులో తెలుస్తుంది, మందు అవసరమో కాదో అప్పుడు తేలుతుంది.

చివరగా ఒక చిన్న ఏర్పాటు. స్కాన్ రిపోర్టులు ఫోటో తీసి ఫోన్‌లో ఒకే చోట పెట్టండి. రాత్రిపూట పనిచేసే ఆసుపత్రి నంబరు, మీకు పడని మందుల పేర్లు, మీ క్రియాటినిన్ ఎంతో కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. పక్కనే ఒక థర్మామీటర్ ఉంచండి. మా ఇంట్లో ఇప్పుడు అమ్మ మంచం పక్కన ఒకటి, నా బ్యాగులో ఒకటి ఉన్నాయి.